ఊడని ముడి

మా మేనత్త వేసిన ముడి ఊడిందని ఈ రేవులో ఎవరూ ఎన్నడూ అనలేదు. అదే మా కొంప ముంచింది.

మా నాన్నకు ఆవిడ అక్క. నాన్న పీతలు పట్టేవాడు. అత్త ఆయనకూ, రేవులో మరో ముప్పై పడవలకూ పీతల బోనులు అల్లేది. రేవు మొత్తానికి ఆవిడ పేరు గట్టిముడి పెద్దమ్మ. ఆ పేరుతో ఎదురుగా పిలిచినా కోప్పడేది కాదు. మిగతా అన్నింటికీ కోప్పడేది. తలుపు చప్పుడైతే కోపం, తలుపు తీసి ఉంచితే కోపం, భోజనానికి పిలిస్తే కోపం, పిలవకపోతే ఇంకా కోపం. పెళ్ళెందుకు చేసుకోలేదని చిన్నప్పుడు ఒకసారి అడిగాను. "రోజుకు మూడొందల ముడులు వేసేదాన్ని, ఆ మూడు ముళ్ళు వేయించుకునే తీరికేదే నాకు" అంది. అలా అని నన్ను షెడ్డులోంచి తరిమేసింది.

ఆ షెడ్డు రేవు గోడకు ఆనుకుని ఉండేది. రేకుల కప్పు, ఒక పొడుగు బల్ల, గోడ నిండా మేకులు, మేకులకు దారపు కండెలు. ఉన్న ఒక్క కిటికీ గూట్లో కొవ్వొత్తి. నైలాన్ దారం కోశాక కొసలు విడిపోకుండా వాటిని ఆ మంటకు చూపించి, కరిగిన కొసను వేళ్ళతో నలిపేది. ఆవగింజంత పూస తయారయ్యేది. చూపుడువేలు, బొటనవేలు కొసలు కాలి కాలి మొద్దుబారి, వేడి టీ గ్లాసును అంచు దగ్గర కాకుండా ఎక్కడ పడితే అక్కడ పట్టుకునేది. ఏ పడవలో ఏ బోను చూసినా ఆ పూసను బట్టి అది మా అత్త పనేనని చెప్పొచ్చు.

బోను అంటే ప్లాస్టిక్ తొడుగున్న తీగతో అల్లిన పెట్టె. ఒక పక్క గరాటులాంటి దారి ఉంటుంది. లోపల ఎర కట్టి, తాడు కట్టి సముద్రం అడుక్కి దింపుతారు. ఎక్కడ వేశామో తెలియడానికి తాడు పైకొసకు ఒక బెండు తేలుతుంటుంది. పీత గరాటులోంచి లోపలికి పోతుంది, తిరిగి రావడం దానికి చేతకాదు. ఇంతవరకు ఎవరైనా చెప్తారు. ఎవరూ చెప్పనిది ఆ బోనుకు రెండో పక్కన ఉండే జానెడు తలుపు గురించి. మా నానమ్మ కాలంలో దాన్ని వదిలే తలుపు అనేవారు. బోనులు అల్లే విద్య అత్తకు నేర్పింది నానమ్మే. ఏ దారంతో ఏదైనా అల్లుకో, ఆ తలుపు మాత్రం నూలు దారంతోనే కట్టమని ఆవిడ ఖండితంగా చెప్పింది. నూలు ఉప్పునీళ్ళలో మూడు వారాలకు చివికిపోతుంది. బెండు తెగి బోను అడుగునే తప్పిపోతే, దారం చివికి తలుపు తెరుచుకుంటుంది. లోపల ఉన్నవి వాటి దారిన అవి పోతాయి. మూడు వారాల్లోపు మనిషి వచ్చి ఎత్తుకోకపోతే ఆ పీతలు మనిషివి కావని లెక్క.

నాకు ఆరేళ్ళప్పుడు ఒక గాలివాన నెలరోజులు పట్టింది. పడవలు కదల్లేదు. గాలి తగ్గాక నాన్న వెళ్ళి బోనులు ఎత్తితే ముప్పైకి ముప్పై తలుపులు తెరుచుకుని, ఖాళీగా వచ్చాయి. నాన్నకు కడుపు మండింది. కడుపు మండినప్పుడు ఆయనకు వెటకారం వస్తుంది. టీ కొట్టులో కూర్చుని, "మా అక్క బోనులు పీతలకు సత్రాల్రా. వచ్చి, తిని, పడుకుని, పొద్దున్నే లేచి వెళ్ళిపోతాయి. వెళ్ళేటప్పుడు థాంక్స్ కూడా చెప్తాయేమో" అన్నాడు. కొట్టు కొట్టంతా పగలబడి నవ్వింది. ఆ మాట మధ్యాహ్నానికల్లా షెడ్డుకు చేరింది.

అత్త గోడ మీద నూలు కండెలన్నీ తీసి పొయ్యిలో పడేసింది. మర్నాడు నుంచి వదిలే తలుపులన్నీ నీలం నైలాన్‌తో కట్టింది. ఒక్కో తలుపుకు నాలుగు ముడులు, నాలుగు పూసలు. నానమ్మ అప్పటికి లేదు. ఉన్నవాళ్ళెవరికీ అడగాలని తోచలేదు. నాన్న మాత్రం ఒక్కసారి, "అమ్మ నూలు కట్టమనేది కదా" అని నసిగాడు. "అమ్మ కాలంలో పీతలకు సత్రం కట్టేవారు. ఇప్పుడు జైలు కట్టమన్నావుగా తమ్ముడూ, కడుతున్నా" అంది అత్త.

ఆ ఏడాది ఎవరి బోనూ ఖాళీగా రాలేదు. వారం తర్వాత ఎత్తినా, నెల తర్వాత ఎత్తినా పీతలు ఉన్నచోటే ఉన్నాయి. ఇంకేం, పడవలవాళ్ళు అత్తను నెత్తిన పెట్టుకున్నారు. పక్క రేవులవాళ్ళు కూడా మాక్కూడా ఆ ముడే కావాలంటూ వచ్చారు. గట్టిముడి అన్న పేరు అప్పుడు వచ్చిందే. షెడ్డు ముందు నుంచి వెళ్ళేవాడెవడైనా, "పెద్దమ్మా, నీ ముడి కోయడానికి కత్తి సరిపోట్లేదే, రంపం కొనుక్కోవాలి" అనేవాడు. ఆవిడ తల ఎత్తకుండా, "కొనుక్కోరా, నీ మొహానికి కత్తెందుకు" అనేది. అలా పదహారేళ్ళు గడిచాయి. ఆవిడ జీవితంలో మంచి రోజులు అవే.

బోనులు పోతూనే ఉండేవి. పెద్ద ఓడలు రేవులోకి వచ్చేటప్పుడు వాటి పంకాలు బెండు తాళ్ళను కోసేసేవి. తుపానుకు కొన్ని కొట్టుకుపోయేవి. రాళ్ళలో ఇరుక్కుని కొన్ని వచ్చేవి కాదు. పోయినప్పుడు మావాళ్ళనే మాట ఒకటే, సముద్రం తినేసిందని. తినేసింది కాబట్టి ఇక దాని గురించి ఆలోచించక్కర్లేదు. షెడ్డుకు వచ్చి, పెద్దమ్మా ఇంకో పది అల్లు అనేవారు. ఆవిడ అల్లేది.

పీతలు తగ్గడం ఎప్పుడు మొదలైందో ఎవరూ సరిగ్గా చెప్పలేరు. మొదట చిన్నవి రావడం మొదలైంది. తర్వాత చిన్నవీ తక్కువయ్యాయి. టీ కొట్టులో ఎవరి నోటికి వచ్చిన కారణం వాళ్ళు చెప్పేవారు. ఫ్యాక్టరీ నీళ్ళన్నారు, ఎండలన్నారు, పరాయి పడవలన్నారు. ఒకాయన ఓడల చప్పుడుకు పీతలకు నిద్ర పట్టక వలస పోయాయని తేల్చాడు. నాన్న అన్నీ విని మొహం వేలాడేసుకుని ఇంటికి వచ్చేవాడు. చదువు అయిపోయాక నేను ఆయనతో పడవ ఎక్కేదాన్ని, తాళ్ళు లాగడానికి. పీతలు తక్కువ కాబట్టి బోనులు నీళ్ళలో ఎక్కువ రోజులు వదలాల్సి వచ్చేది. నెల, ఒక్కోసారి నెలన్నర. ఒక రోజు పడవ ఇంజను ఆపి, నా వైపు చూడకుండా, "ఇంకో సీజను చూస్తానే. అప్పటికీ ఇంతే అయితే పడవ అమ్మేసి పోర్టులో ఊడవడానికి పోతా" అన్నాడు. యాభై రెండేళ్ళవాడు. ఆ పడవ కాక వేరే ఏదీ తెలియనివాడు.

ఆ వారంలోనే మా లంగరుకు ఏదో తగులుకుంది. ఇద్దరం కలిసి లాగితే, నాచు పట్టి, బురద కారుతూ ఒక పాత బోను పైకి వచ్చింది. లోపల మూడు పెద్ద పీతలు బతికే ఉన్నాయి. నాన్న మొహం వెలిగిపోయింది. అంత పెద్దవి చూసి ఎన్నాళ్ళైందో. "చూశావా, పోయిన బోను కూడా మనకే పని చేస్తోంది" అన్నాడు. బోనును కడిగి మళ్ళీ వాడుకోవచ్చని తెచ్చి షెడ్డు ముందు పడేశాం.

అత్త బ్రష్షు తీసుకుని నాచు గీకడం మొదలుపెట్టింది. వదిలే తలుపు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. నీలం దారం. నాలుగు ముడులు, నాలుగు పూసలు. నిన్న కట్టినట్టే ఉన్నాయి. "ఈ ముదురు నీలం ఒక్క ఏడాదే దొరికింది" అంది. "ఇది పోయి పదకొండేళ్ళు." తర్వాత బోనును తలకిందులు చేసి దులిపింది. పీత డొప్పలు కుప్పగా పడ్డాయి. కొన్ని ముట్టుకుంటే పొడి అయిపోయేంత పాతవి, కొన్ని నిన్న మొన్నటివి. పగలనివాటిని ఏరి బల్ల మీద వరుసగా పెట్టింది. నలభై ఒకటి. పొడైపోయినవి ఎన్నో తెలియదు.

"ఇన్నెలా వచ్చాయత్తా, ఎర లేకుండా?" అన్నాను.

ఆవిడ ఒక డొప్పను చేతిలోకి తీసుకుని చెప్పింది. "ఎర కోసం మొదటిది వచ్చిందే. బయటికి దారి లేక ఆకలితో చచ్చింది. చచ్చినది ఎర అయింది. దాన్ని తినడానికి ఇంకోటి వచ్చింది. అదీ చచ్చింది. అర్థమైందా? ఎవరూ ఎర కట్టక్కర్లేదు. ఎవరూ ఎత్తక్కర్లేదు. పదకొండేళ్ళుగా అదే పట్టుకుంటోంది, అదే చంపుకుంటోంది." తలుపు మీద ముడిని బొటనవేలితో తోసి చూసింది. కదల్లేదు. "నా ముడి" అంది.

ఆ రోజు ఎవరు పిలిచినా భోజనానికి రాలేదు, కోప్పడలేదు కూడా. నాకు భయం వేసింది. మర్నాడు నాన్నను కూర్చోబెట్టి ఇప్పటిదాకా ఎన్ని బోనులు పోయాయని అడిగింది. ఎవడు లెక్కపెట్టాడక్కా అన్నాడు నాన్న. కానీ ఆవిడకు తెలుసు. పోయిన ప్రతి బోనుకు బదులు ఇంకోటి అల్లింది ఆవిడేగా. మాకే ఏడాదికి పాతిక దాకా పోయేవి. ముప్పై పడవలు, పదహారేళ్ళు. బల్ల మీద సుద్దముక్కతో గీతలు పెడుతూ పెడుతూ పదివేలు దాటాక సుద్దముక్క పడేసింది.

తర్వాత ఎనిమిది రోజులు ఆవిడ మాతో పడవ ఎక్కింది. అరవై ఏళ్ళ మనిషి, పడవ పడనిది, కడుపులో ఉన్నదంతా కక్కుకుంటూ. గొలుసుకు కొక్కేలు కట్టి అడుగున ఈడ్చాం. ఏం తగిలిందో ఏకరువు పెడితే నవ్వొస్తుంది. తాళ్ళు, తెగిన వలల ముద్దలు, ఒక కుర్చీ, బకెట్లు, డబ్బాలు, జత లేని బూట్లు, ఒక టైరు, దాని లోపల ఇంకో చిన్న టైరు. సంచులైతే అడుగంతా పరిచినట్టు వచ్చాయి. బోనులు నాలుగు దొరికాయి. నాలుగూ ఆవిడవే. ఆవిడే కత్తితో తలుపులు కోసింది. కత్తి సరిపోయింది, రంపం అక్కర్లేకపోయింది. మిగతావి లోతులో ఉన్నాయి, మా గొలుసు అందదు. ఎనిమిదో రోజు నాన్న ఇంజను ఆపి, "అక్కా, చాలు. చెంబుతో సముద్రం తోడుతున్నాం మనం" అన్నాడు. ఆవిడ పడవ అంచు పట్టుకుని నీళ్ళలోకి చూస్తూ కూర్చుంది.

ఆ సీజనుకు నాన్న కొత్త బోనులు నలభై అల్లమన్నాడు. చివరి ప్రయత్నం అది. దొరికితే పడవ ఉంటుంది, లేకపోతే లేదు. అత్త అల్లింది. వదిలే తలుపులు నూలుతో కట్టి, నీలం రంగు వేసింది. ఎవరికీ చెప్పలేదు.

మేం నెల తర్వాత ఎత్తాం. మొదటిది పైకి వచ్చింది, తలుపు తెరుచుకుని ఉంది. రెండోదీ అంతే. పదో బోను దగ్గర నాన్న దారం ముక్కను పట్టుకుని వేళ్ళ మధ్య నలిపాడు. రంగు ఊడి, పీచు పీచుగా నూలు తేలింది. ఎర మొత్తం తినేసి ఉంది, అడుగున డొప్పల గీతలు కొత్తగా ఉన్నాయి. అంటే ఈసారి పీతలు వచ్చాయి. ఎన్నాళ్ళకో బాగా వచ్చాయి. వచ్చి, తిని, వెళ్ళిపోయాయి. మిగతా ముప్పై కూడా అలాగే వచ్చాయి.

షెడ్డులో అరిచాడు. ఆయన అక్క మీద అరవడం నేను వినడం అదే మొదటిసారి. "ముప్పై పడవలు నైలాన్ కడుతుంటే నీ ధర్మం నా పడవ మీదేనా అక్కా? నేను వదిలేసినవి వెళ్ళి పక్కవాడి బోనులో పడ్డాయి. బతికాయనుకుంటున్నావా అవి?"

ఆయన చెప్పింది నిజం. అత్త చేసింది కూడా తప్పు కాదు. రెండూ పక్కపక్కనే నిలబడి ఉన్నాయి, నేనేం చేయను.

మర్నాడు అత్త టీ కొట్టుకు వెళ్ళింది. జీవితంలో ఆ కొట్టు మెట్టు ఎక్కని మనిషి. పడవలవాళ్ళందరి ముందు నలభై ఒక్క డొప్పలూ బల్ల మీద పోసింది. జరిగింది చెప్పింది, తప్పు నాది అంది, అందరూ ఒకేసారి నూలుకు మారితే ఎవరికీ నష్టం లేదంది, వారం వారం ఎత్తుకుంటే చాలంది. అందరూ విన్నారు. నిజమే పెద్దమ్మా అన్నారు. ఒక్కొక్కరూ నీళ్ళు నమిలారు, పక్కవాడి మొహం చూశారు. వాడు మారితే నేనూ మారతానని ప్రతివాడూ అన్నాడు, ముందు వాడు ఎవడో తేలలేదు. నెల తిరక్కుండా ఫ్యాక్టరీ బోనులు వచ్చాయి. వాటి తలుపులకు దారమే లేదు, ప్లాస్టిక్ క్లిప్పు. టక్కున పడుతుంది. పెద్దమ్మను ఎవరూ తిట్టలేదు, ఏమీ అనలేదు. షెడ్డు వైపు రావడం మానేశారంతే.

నాన్న మాత్రం ఫ్యాక్టరీ బోనులు తెచ్చుకోలేదు. ఆ నలభై బోనులూ మళ్ళీ షెడ్డులోకి మోసుకొచ్చి బల్ల మీద పెట్టాడు. సీజనులో ఇంకో నెలన్నర ఉంది. "నైలాన్ కట్టక్కా. ఈ ఒక్కసారికి" అన్నాడు. అరవలేదు, బతిమాలాడు. అత్త కొవ్వొత్తి వెలిగించింది. ఎదురుగా స్టూలు మీద కూర్చుని నాన్న ఒక్కో బోను అందించాడు. నాలుగు ముడులు, నాలుగు పూసలు, నలభై తలుపులు. కన్నీళ్ళు కారుతుంటే తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేక భుజానికి రాసుకునేది. చివరిది కట్టాక, "పోగొట్టకుండా తీసుకురా తమ్ముడూ" అంది. తెస్తానన్నాడు.

నలభై బోనులూ ఒకే పొడుగు తాడుకు కట్టి, రెండు కొసలకూ బెండ్లు పెట్టి వేశాం. నెల తర్వాత వెళ్తే బెండ్లు లేవు. ఆ దారిన ఏదో ఓడ పోయినట్టుంది. మూడు రోజులు వెతికాం, కొక్కేలు ఈడ్చాం. బకెట్లు వచ్చాయి, సంచులు వచ్చాయి. నాలుగో రోజు పడవ కొనేవాడు రేవులో వచ్చి నిలబడ్డాడు. నాన్న పడవ లోపల ఒకసారి చేత్తో తుడిచి, దిగిపోయాడు.

ఇంటికి వచ్చేసరికి అత్త గుమ్మంలోనే ఉంది. పడవ గురించి అడగలేదు. "బోనులు ఎత్తావా?" అంది.

"ఎత్తేశానక్కా. అన్నీ" అన్నాడు నాన్న.

"ఏవి మరి?"

"రేవులోనే పాత ఇనుము వాడికి ఇచ్చేశా."

"తలుపులు కోసి ఇచ్చావా?"

"నలభై తలుపులూ కోసేశా."

ఆవిడ నా వైపు తిరిగింది. "నువ్వు చూశావా?"

నాన్న మొహం చూశాను. అంత ముసలాయన ఎప్పుడయ్యాడో నాకు తెలియలేదు. "చూశానత్తా" అన్నాను.

ఆ రోజు ఆవిడ కడుపునిండా భోజనం చేసింది. నాన్న ఇప్పుడు పోర్టులో ఊడుస్తున్నాడు. నేను అక్కడే ఓడల్లోంచి దిగే పెట్టెలకు చీటీలు అంటిస్తున్నాను. అత్త ఇంట్లో ఉంటుంది. చూపు మందగించింది. ఇరుగుపొరుగువాళ్ళు బట్టలారేసే తాళ్ళు తెస్తే ముడులు వేసి ఇస్తుంది. ఎవరో ఒకరి దగ్గర ఆ మాట అంటూనే ఉంటుంది, "పోయినవి పోయాయి గానీ, ఆ చివరి నలభై మాత్రం మా తమ్ముడు ఎత్తుకొచ్చాడు, తలుపులు కూడా కోసేశాడు" అని. నేను పక్కనే ఉంటే నా వైపు చూస్తుంది. నేను తల ఊపుతాను.

అవి వేసి ఈ నెలకు మూడేళ్ళు. లోపలికి వెళ్ళిన మొదటిది ఎర అయిపోయి ఉంటుంది, రెండోది కూడా. ఈపాటికి ఏ తలుపైనా తెరుచుకుని ఉంటుందిలే అని ఎవరైనా నాతో అంటే బాగుండును. ఈ రేవులో ఆ మాట ఎవరూ అనరు. అవి మా అత్త వేసిన ముడులని అందరికీ తెలుసు.